తెలుగు లింకు అంత పొడుగెందుకవుతుంది?

తెలుగు వికీపీడియాలో ‘తెలుగు’ పేజీ తెరిచి, పైనున్న అడ్రసును కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి. బ్రౌజర్‌లో చక్కగా ‘తెలుగు’ అని కనిపించిన మాట, చాలాసార్లు అక్కడికొచ్చేసరికి శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాల బారుగా మారిపోతుంది. ఫోనేమైనా పాడైందా? లేదు, ఆ బారులో ఉన్నదీ తెలుగే.

కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. అందుకని యూనికోడ్ ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఓ నంబరు ఇచ్చింది. ఆ నంబర్లను బైట్లుగా రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగుకు మూడు కావాలి. ‘తెలుగు’లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు. అంటే 18 బైట్లు.

వెబ్ అడ్రసులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే చెల్లుతాయి. కనుక ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని వెనక రెండక్షరాలుగా రాస్తారు. ‘త’ ఒక్కటే %ఈ0%బీ0%ఏ4 అవుతుంది (ఈ, బీ, ఏలను ఇంగ్లీషులో ఊహించుకోండి). 18 బైట్లకు 54 అక్షరాలు!

మరి సైటు పేరే తెలుగులో ఉంటే? అక్కడ శాతం గుర్తుకు చోటు లేదు. పైగా చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాలు మించకూడదు. ‘తెలుగు’కే 54 పోతే, ఇంకొక్క అక్షరంతో నిండిపోతుంది. అందుకే 2003లో ప్యూనీకోడ్ వచ్చింది. ఇది నంబర్లను వరుసలో పెట్టి, ఒకదానికీ తర్వాతదానికీ ఉన్న తేడానూ, అది కూర్చునే చోటునూ కలిపి రాస్తుంది. తెలుగు నంబర్లన్నీ పక్కపక్కనే ఉంటాయి గనక తేడాలు చిన్నవి, రాత పొట్టిది. సైటు పేరు చివర వచ్చే ‘.భారత్’లో చుక్క తర్వాతి మాటకు శాతం పద్ధతిలో 45 అక్షరాలు పట్టేది, ఇందులో 13 చాలు. నా మటుకు ఇది ముచ్చటైన ఉపాయం.

ఈమెయిల్‌లోనూ ఇలాంటి మార్పే ఉంటుంది. ఉత్తరం లోపలి రాతను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చడానికి రెండు దారులున్నాయి. కోటెడ్-ప్రింటబుల్ ఇంగ్లీషును ముట్టుకోదు, మిగతా ఒక్కో బైటునూ మూడక్షరాలు చేస్తుంది. బేస్64 మూడు బైట్లను నాలుగక్షరాలు చేస్తుంది. ఇంగ్లీషు ఉత్తరం కింద తెలుగు సంతకం ఒక్కటే ఉంటే మొదటిది మేలు. ఉత్తరమంతా తెలుగైతే బేస్64 మేలు: ‘తెలుగు’ 54కు బదులు 24తో సరిపోతుంది.

చిరునామాలో మాత్రం చిక్కుంది. @కు కుడిపక్కనున్నది సైటు పేరే గనక ప్యూనీకోడ్ ఆదుకుంటుంది. ఎడమపక్కన అది చెల్లదు. తెలుగును ఉన్నదున్నట్టు పంపే పద్ధతి 2012లో ఖాయమైంది గానీ, దారిలోని ప్రతి సర్వరూ దాన్ని ఒప్పుకోవాలి. ఒక్కటి కాదన్నా ఉత్తరం తిరిగొస్తుంది.