బడిపై పెత్తనం: స్థానికులంటే ఎవరు?

సర్కారు బడి గురించి చర్చ మొదలైనప్పుడల్లా మన రెండు రాష్ట్రాలలోనూ రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడతాయి. బడిని ఊరికి అప్పగించాలి, తల్లిదండ్రుల కమిటీకి అధికారం ఇవ్వాలి అనేది ఒకటి. ఊరి రాజకీయాలను బడి గడప తొక్కనివ్వకూడదు, పగ్గాలు విద్యాశాఖ అధికారి చేతిలోనే ఉండాలి అనేది రెండోది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి బడులు వాటి కిందికి వెళ్ళిన నాటి నుంచీ ఈ వాదులాట తెగలేదు. సమితి ప్రెసిడెంటు కన్నెర్ర చేస్తే పంతులు మూటాముల్లె సర్దుకోవలసి వచ్చిన రోజులను మా ముందుతరం ఉపాధ్యాయులు కథలు కథలుగా చెప్పేవారు. కార్యాలయాల చుట్టూ తిరిగి చెప్పులరిగిన కథలు మా తరానివి. ముప్పై ఏళ్ళకు పైగా ఉపాధ్యాయుడిగా, చివరి కొన్నేళ్ళు మండల విద్యాధికారిగా పనిచేసిన నాకు ఈ రెండు వాదాలలోనూ కొంత నిజం కనిపిస్తుంది. అయితే దళితవాడ నుంచి వచ్చినవాడిని గనుక, రెండింటిలోనూ వినిపించని ఒక ప్రశ్న కూడా నన్ను వదలదు. ఊరు అన్నప్పుడు అందులో మా వాడ ఉన్నదా?

ఈ ప్రశ్నను మన కులం, మన ఊరు, మన పార్టీల గొడవ నుంచి కాస్త ఎడంగా నిలిపి చూడడానికి అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్ర రాజధాని లిటిల్‌రాక్‌లో 1955 నుంచి 1959 దాకా జరిగిన ఘటనలు ఉపకరిస్తాయి. సైనికుల కాపలా నడుమ తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సెంట్రల్ హైస్కూలు మెట్లెక్కిన దృశ్యం మనలో చాలామందికి తెలుసు. దానికి ముందూ వెనకా స్కూల్ బోర్డుకు, సూపరింటెండెంటుకు, పట్టణానికి మధ్య నడిచిన కథ అంతగా తెలియదు. మనకు పనికివచ్చే పాఠం ఆ కథలోనే ఉన్నది.

అక్కడి ఏర్పాటు మన ఏర్పాటుకు తలకిందులు. మన జిల్లా విద్యాధికారి ప్రభుత్వ ఉద్యోగి. ఆయనను ఊరివాళ్ళు నియమించలేరు, తొలగించలేరు. అమెరికాలో స్కూల్ బోర్డును స్థానిక ఓటర్లు ఎన్నుకుంటారు. ఆ బోర్డు ఒక సూపరింటెండెంటును కాంట్రాక్టు మీద నియమించుకుంటుంది. విధానం బోర్డుది, అమలు ఆయనది. నచ్చకపోతే కాంట్రాక్టు చెల్లగొట్టి పంపించేస్తారు. స్థానిక ప్రజాస్వామ్యం గురించి మనం కనే కలకు ఇంతకన్నా నిండైన రూపం ఉండదేమో. లిటిల్‌రాక్ బోర్డులో ఆరుగురు సభ్యులు. ఆరుగురూ శ్వేతజాతీయులే.

వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి అక్కడ సూపరింటెండెంటు వర్జిల్ బ్లాసమ్. చురుకైన అధికారి, పనిమంతుడు. క్లబ్బులలో, వర్తక సంఘాలలో ఎన్నో ఉపన్యాసాలిచ్చి పట్టణ ప్రముఖులను ఒప్పించుకున్న నేర్పరి. ఆయన తయారుచేసిన పథకాన్ని బోర్డు 1955 మే 24న ఆమోదించింది. 1957లో ఒక హైస్కూలుతో మొదలుపెట్టి, తరువాత మధ్యస్థాయి తరగతులకు, ఆ పైన 1963 నాటికి ప్రాథమిక తరగతులకు కలయికను విస్తరించాలని అందులోని ఆలోచన. చట్టాన్ని పాటించామన్న పేరు దక్కాలి, వీలైనంత తక్కువగా పాటించాలి. మన కార్యాలయాలలో ఫైలు నడిపినవారెవరికైనా ఈ విద్య కొత్తది కాదు.

ఆ పథకంలోని అసలు కీలకం మరొకటి. పట్టణానికి పడమటి వైపు, సంపన్న శ్వేతజాతీయులు కాపురముండే ప్రాంతంలో, హాల్ హైస్కూలు అని కొత్త బడి కట్టారు. అది 1957లోనే తెరుచుకున్నది. అందులో అందరూ శ్వేతజాతి పిల్లలే. నల్లజాతి పిల్లలను చేర్చుకోవలసింది మాత్రం సెంట్రల్ హైస్కూలు. హాల్ తెరుచుకున్నాక సెంట్రల్‌లో మిగిలిన వారిలో కూలీల, గుమాస్తాల, చిన్న ఉద్యోగుల పిల్లలే ఎక్కువ. అంటే పథకం రచించిన, దాన్ని మెచ్చుకున్న పెద్దమనుషుల పిల్లలు ఆ మార్పు తాకని బడిలో భద్రంగా కూర్చున్నారు. సమానత్వం ఖర్చంతా పేద తెల్లవారి ఖాతాలో రాశారు. బడి బయట అరిచిన గుంపుది జాత్యహంకారమే. దానికి మినహాయింపు ఏదీ లేదు. కానీ ఆ అహంకారానికి ఈ ఉక్రోషమనే కట్టెను ఎగదోసింది మాత్రం పథకం రాసిన మర్యాదస్తుల కలమే.

నల్లజాతి పిల్లల పట్ల ఆ కలం ఎలా నడిచిందో కూడా చెప్పుకోవాలి. చేరదలచిన పిల్లలను సూపరింటెండెంటు కార్యాలయం మార్కులు, నడవడి, కుటుంబం అంటూ జల్లెడ పట్టింది. ఆటలు, క్లబ్బులు, బడి సందళ్ళలో మీకు చోటుండదని ముందే చెప్పింది. ఆ జల్లెడలో, ఆ బెదురులో మిగిలినవారు చివరికి తొమ్మిది మంది. ప్రతిభ ముందు నిరూపించుకో, ఆపైన హక్కు అడుగు అనే మాట మనకు ఎక్కడ వినిపించినా ఆ తొమ్మిది మందిని గుర్తుచేసుకోవాలి. పథకం మరీ నత్తనడకగా ఉన్నదని నల్లజాతి తల్లిదండ్రులు 1956లోనే కోర్టుకెక్కారు; కోర్టు బ్లాసమ్ పక్షానే నిలిచింది.

1957 సెప్టెంబరులో గవర్నర్ ఆర్వల్ ఫాబస్ పిల్లలను ఆపడానికి నేషనల్ గార్డును దింపడం, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను పంపడం, 25న పిల్లలు లోపలికి వెళ్ళడం అందరూ ఎరిగినవే. ఆ ఏడాదంతా ఆ పిల్లలు పడ్డ హింసను డైసీ బేట్స్ వంటి ఉద్యమ నాయకురాలు లోకానికి చెబుతూ వచ్చారు. బోర్డు, సూపరింటెండెంటు ఏం చేశారు? గొడవగా ఉన్నది, కొంతకాలం వాయిదా ఇవ్వండని 1958 ఫిబ్రవరిలో కోర్టును అడిగారు. గొడవ చేసినవారిని అదుపు చేయడం మాని, గొడవకు గురైనవారిని ఇంటికి పంపే తీర్పు కోరారు. ఆ ఏడాది సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు కుదరదన్నది. అల్లరి మూకల భయం చూపి హక్కును ఆపలేరని వివరిస్తూ వెలువడిన తీర్పుపై తొమ్మిది మంది న్యాయమూర్తులూ సంతకాలు చేశారు.

గవర్నర్ పట్టణంలోని నాలుగు హైస్కూళ్ళనూ మూసివేశాడు. సెప్టెంబరు 27న జనాభిప్రాయ సేకరణ జరిపితే కలయికను వ్యతిరేకిస్తూ 19,470 ఓట్లు, సమర్థిస్తూ 7,561 ఓట్లు పడ్డాయి. స్థానికుల అభిప్రాయం అంటే ఇదేనని ఫాబస్ ప్రకటించుకోవచ్చు. మూడున్నర వేలకు పైగా పిల్లలు ఒక విద్యా సంవత్సరం కోల్పోయారు. ఉపాధ్యాయులు మాత్రం ఖాళీ తరగతి గదులకు రోజూ వచ్చి కూర్చునేవారు.

ఇక్కడికి వచ్చేసరికి బ్లాసమ్‌కు మిత్రులెవరూ మిగలలేదు. వేరు బడులు కావాలనేవారి దృష్టిలో ఆయన ద్రోహి. నల్లజాతి తల్లిదండ్రుల దృష్టిలో అడుగడుగునా అడ్డుపుల్ల వేసిన అధికారి. కలయిక దిశగా కదలండని అప్పీళ్ళ కోర్టు మళ్ళీ ఆదేశించగానే, 1958 నవంబరు 12న బోర్డులోని ఆరుగురిలో ఐదుగురు రాజీనామా చేశారు. పోతూ పోతూ సూపరింటెండెంటు కాంట్రాక్టులో మిగిలిన కాలానికి డబ్బు చెల్లించి ఆయననూ సాగనంపారు. మిగిలిన ఆరో సభ్యుడు డేల్ ఆల్ఫర్డ్ బాహాటంగా వేరు బడుల వాది. అప్పటికే కాంగ్రెసు ఎన్నికలో గెలిచి ఉన్నాడు. మరుసటి ఏడాది బ్లాసమ్ తన అనుభవాలను పుస్తకంగా ప్రచురించాడు. మధ్యేమార్గం పట్టిన సజ్జనుడిని ఇరువైపులా నలిపేశారని ఆయన పట్ల సానుభూతి చూపేవారున్నారు. నాకు అంత సానుభూతి కలగదు. న్యాయానికీ అన్యాయానికీ సరిగ్గా మధ్యన నిలబడినవాడు న్యాయానికి సగం దూరంలో ఆగిపోయినవాడే.

డిసెంబరులో ఎన్నికైన కొత్త బోర్డు సరిగ్గా మధ్యకు చీలింది. ముగ్గురు వేరు బడుల వాదులు, ముగ్గురు మితవాదులు. 1959 మే 5న ఉపాధ్యాయుల కాంట్రాక్టుల పునరుద్ధరణ అంశం వచ్చింది. ప్రతి ఓటూ మూడుకు మూడుగా ఆగిపోతుండగా మితవాదులు కోరం చెడగొట్టే ఉద్దేశంతో లేచి వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ సమావేశం మాదేనంటూ 44 మంది ఉపాధ్యాయులు, సిబ్బంది కాంట్రాక్టులను రద్దుచేశారు. వారిపై విచారణ జరగలేదు. కలయికకు సహకరించారన్న అనుమానమే వారి నేరం.

అప్పుడు పట్టణం కదిలింది. ఏడాది పాటు బడులు మూతపడితే పెద్దగా కదలని వర్తక ప్రముఖులు, తాము ఎరిగిన ఉపాధ్యాయుల మెడ మీద కత్తి పడేసరికి ఉలిక్కిపడ్డారు. అంతకుముందు నుంచే బడులు తెరవాలని పోరాడుతున్న మహిళా సంఘం ఇంటింటికీ తిరిగింది. ఆ ముగ్గురు సభ్యులనూ వెనక్కి పిలవాలని ఒకరు, మితవాదులు ముగ్గురినీ వెనక్కి పిలవాలని మరొకరు పిటిషన్లు వేశారు. మే 25న ఆరుగురి భవితవ్యంపైనా ఓటింగు జరిగింది. వేరు బడుల వాదులు ముగ్గురూ పదవులు కోల్పోయారు, మితవాదులు నిలిచారు. తేడా స్వల్పం. పేద తెల్లవారి వాడలు ఎక్కువగా వేరు బడుల పక్షాన ఓటు వేయగా, సంపన్నుల వార్డులూ నల్లజాతి వార్డులూ కలిసి తూకం తిప్పాయి. ఆగస్టులో బడులు తెరుచుకున్నాయి.

ఈ గెలుపును ఎంతవరకు పొగడాలో అంతవరకే పొగడాలి. నల్లజాతి ఓటర్లు నిలబెట్టిన ఆ మితవాద బోర్డే, పిల్లలను బడులకు కేటాయించే నిబంధనలను అడ్డుపెట్టుకుని కొద్దిమంది నల్లజాతి పిల్లలను మాత్రమే తెల్లవారి బడులలోకి రానిచ్చింది. 1961లో అప్పీళ్ళ కోర్టు దాన్ని తప్పుపట్టవలసి వచ్చింది. ఓటు అడగడానికి వాడకు వచ్చినవారు, బోర్డులో కుర్చీ దగ్గరకు వచ్చేసరికి ఆ వాడను మరచిపోయారు.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆకాశానికెత్తేవారిని ఎదిరించి మాట్లాడినప్పుడు, సంకుచిత స్థానికతను, కుల పెత్తనాన్ని దృష్టిలో ఉంచుకునే మాట్లాడారు. కానీ ఆయన కలెక్టరు దొరతనాన్నీ కోరలేదు. వ్యక్తిని ప్రమాణంగా తీసుకోవాలన్నారు. బడికి దాన్ని అన్వయిస్తే, ప్రమాణం ఊరూ కాదు, కార్యాలయమూ కాదు. అందులో కూర్చున్న బిడ్డ.

విద్యాహక్కు చట్టం 2009 రాసినవారికి ఈ స్పృహ కొంత ఉన్నది. 21వ సెక్షను ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటు దక్కాలి. కాగితం మీద లోపం తక్కువే. ఊళ్ళో జరిగేది వేరు. భూములున్న కులాల పిల్లలు పసుపుపచ్చ బస్సులెక్కి ప్రైవేటు బడులకు వెళ్ళిపోయి ఎన్నో ఏళ్ళయింది. సర్కారు బడిలో మిగిలింది దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాల పిల్లలు. హాల్ హైస్కూలు కథ మన మండలాలలో ఏ పథకమూ రాయకుండానే అమలైపోయింది. పంపకాల గొడవంతా కింద మిగిలినవారి మధ్యనే. పెద్దకులాలవారు మధ్యవర్తులుగా వచ్చి రచ్చబండ మీద కూర్చుంటారు.

నేను పనిచేసిన ఒక మండలంలో మధ్యాహ్న భోజనం వండే దళిత మహిళను తొలగించాలని ఒక కమిటీ తీర్మానం చేసింది. కారణం పరిశుభ్రత అని రాశారు. నేను వెళ్ళి చూస్తే ఆ వంటగది బడిలోని ఏ గదికన్నా శుభ్రంగా ఉన్నది. వెనుకబడిన కులాల పిల్లలు కొందరు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారు. ఆమె నాతో అన్నది: “కూరలో ఉప్పెక్కువైందంటే దిద్దుకుంటాను సార్. నా ఇల్లు ఎక్కడుందో దాన్ని ఎట్లా దిద్దుకోను?” పైఅధికారికి నివేదిక పంపితే, స్థానికంగా సామరస్యంగా పరిష్కరించమని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. అక్కడ కమిటీ, ఇక్కడ కార్యాలయం. ఇద్దరికీ స్థానికులంటే ఎవరో స్పష్టంగా తెలుసు.

తీర్మానాల పుస్తకం తెప్పించి చూశాను. దళిత సభ్యులు ఇద్దరి సంతకాలున్నాయి. సమావేశం జరగనేలేదని, రాత్రిపూట ఇంటికి వచ్చి పెట్టించుకున్నారని వారిద్దరూ చెప్పారు. ఆ తీర్మానం చెల్లదని రాసి, బడి ఆవరణలోనే, పగటిపూట, తల్లిదండ్రులందరినీ పిలిచి మళ్ళీ సమావేశం పెట్టించాను. చాకలి కులానికి చెందిన ఒక తల్లి లేచి, తన బిడ్డ రోజూ అదే అన్నం తింటున్నదని, బిడ్డకేమీ కాలేదని చెప్పింది. ఆ తరువాత మరో నలుగురైదుగురు నోరు విప్పారు. తీర్మానం వీగిపోయింది. డబ్బాలు మాత్రం ఆ ఏడాది చివరిదాకా వస్తూనే ఉన్నాయి.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా కమిటీల పేర్లు మారుతున్నాయి, బడ్జెటు మారుతున్నది, మరమ్మతు పనుల బిల్లులపై సంతకం ఎవరిదన్న తగాదా కొత్తగా మొదలవుతున్నది. అధికారాలు కమిటీకా, అధికారికా అని వాదించే మిత్రులకు నా విన్నపం చిన్నది. ముందు మీ బడి తీర్మానాల పుస్తకం తెరవండి. సమావేశం ఎక్కడ జరిగిందో, ఏ వేళ జరిగిందో, వాడ నుంచి వచ్చిన సభ్యులు కూర్చున్నారో నిలబడ్డారో కనుక్కోండి.