తెప్ప చేయి మారింది.. నంబరు మారలేదు!

గోపాల్‌పూర్: ఇసుకలో బోర్లించిన తెప్ప చుట్టూ కొనేవాడు మూడుసార్లు తిరుగుతాడు. అడుగు తడుముతాడు. వేలి ముడుకుతో కొట్టి చెవి ఒగ్గుతాడు. 'ఏటి బావా, ఎన్నేళ్లు వాడినావు?' అని అడుగుతాడు. 'రెండేళ్లే' అన్న జవాబు ఎప్పుడూ సిద్ధమే! తెప్ప మాత్రం అబద్ధమాడదు.

గంజాం తీరంలో సోనాపూర్ నుంచి గోపాల్‌పూర్ దాకా, అటు పూరీ పెంఠకటలోనూ ఉన్న మన వాడబలిజలను ఒడియావాళ్లు నోలియాలంటారు. వీరి పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందట వెళ్లినవారే. దుంగలు కట్టిన కర్ర తెప్ప పోయి ఫైబర్‌ది వచ్చినా పేరు మారలేదు. తేడా ఒక్కటే. కర్ర తెప్పను విప్పి ఆరబెట్టేవారు, పాడైన దుంగను మార్చేవారు. ఫైబర్ ముసలితనం లోపలుంటుంది, పైకి కనపడదు. అందుకే పాతది కొనడం గట్టి పరీక్ష.

కొడితే గణగణమనాలి. డబ్బుమని మోగితే పొరలు విడిపోయినట్టే. ఇసుక మీద ఈడ్చీ ఈడ్చీ అడుగు అరుగుతుంది, ముందు అక్కడే చూడాలి. తర్వాత ఇంజను బిగించిన చోట చీలికలు. కడుపులోని ఫోమ్ నీళ్లు తాగితే తెప్ప బరువెక్కుతుంది, ఎప్పుడూ మోసే నలుగురికి ఎత్తగానే తెలిసిపోతుంది. కొత్త రంగు మెరుస్తుంటే ఇంకాస్త అనుమానించాలి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, 2019లో ఫణి ఈ తీరాలనే కొట్టాయి. దెబ్బతిన్న తెప్పకు మ్యాటు, రెజిన్‌తో మాసిక వేయడం తప్పు కాదు, దాచి అమ్మడమే తప్పు.

ఇదంతా మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చిక్కంతా కాగితం దగ్గరే!

ఇచ్ఛాపురం మండలం దొంకూరులో తెప్ప కొని సోనాపూర్ తెచ్చుకుంటే సముద్రానికి సరిహద్దు తెలీదు. అధికారులకు తెలుసు. 2008లో ముంబయి దాడి చేసినవాళ్లు కుబేర్ అనే చేపల పడవను హైజాక్ చేసి వచ్చారు. ఆ తర్వాతే పడవల నమోదు బిగిసింది. పడవ నంబరులో ఐఎన్‌డీ పక్కన రాష్ట్రం అక్షరాలుంటాయి. ఏపీ అని రాసి ఉన్న తెప్ప ఒడిశా ఒడ్డున రోజూ దిగుతుంటే తనిఖీలో ప్రశ్న రాక మానదు. తుపాను పరిహారమైనా, సబ్సిడీ అయినా ముందు అడిగేది నంబరే. కొన్నవాడి పేరు అందులో లేకపోతే వాడి చేతికి ఏమీ రాదు.

అమ్మినవాడూ నిశ్చింతగా ఉండలేడు. తెప్ప ఏ తగాదాలో ఇరుక్కున్నా రికార్డులో పేరున్నవాడి గుమ్మమే తొక్కుతారు. బావ బావమరుదుల మధ్య బేరం కదా అని తెల్లకాగితం మీద వేలిముద్రతో సరిపెడుతుంటారు. చుట్టరికం తనిఖీల్లో చెల్లదు మరి!

బజానా ఇచ్చే ముందే తెప్ప నమోదైన మత్స్యశాఖ కార్యాలయం నుంచి అమ్మేవాడి చేత నిరభ్యంతర పత్రం తెప్పించుకోవాలి. బ్యాంకు అప్పు తీరిందా, సబ్సిడీ పడవ అయితే అమ్మొచ్చా లేదా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి. ఆ పత్రంతోనే ఒడిశాలో మళ్లీ నమోదు చేయించుకోవాలి. ఆంధ్ర వైపు ఇంజను పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తెప్పలు ఒడ్డునే ఉంటాయి, అమ్మేవాడూ ఇంటిపట్టునే దొరుకుతాడు. ఆఫీసుల చుట్టూ తిరగడానికి అదే అదను.