హీరోకి మార్కులెన్ని?

“పనీపాటా లేకపోతే సరి, ప్రేమ నవలలు ముందేసుకుని కూర్చుంటారు!” ఈ మాట ఒక్కసారైనా పడని ఆడవాళ్లు మనలో ఎంతమంది? మగవాళ్లు డిటెక్టివ్ నవల చదివితే కాలక్షేపం. టెస్టు మ్యాచ్ ఐదురోజులు చూస్తే అభిమానం. మనం నవల పట్టుకుంటే మాత్రం చెడిపోవడం! వంటిల్లు సర్ది, పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు బోర్లించాక మిగిలిన అరగంటలోనే చదువుతున్నామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

అందుకే మనలో చాలామంది చదివిన నవల గురించి పైకి మాట్లాడరు. గుట్టుగా చదివి, గుట్టుగా మూసేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ప్రేమ నవల మంచిదా చెడ్డదా అన్న వాదన పెద్దలు చాలాకాలంగా చేస్తూనే ఉన్నారు, వాళ్లనే చేసుకోనిద్దాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే - చదివినదాని గురించి నలుగురితో మాట్లాడటం చదవడం కంటే ముఖ్యం.

పెన్సిలుతో రాసిన తీర్పులు

నేను డిగ్రీ చదివేటప్పుడు, 2005 ప్రాంతంలో, మా ఊరి బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు ఒకటి ఇంకా బతికే ఉండేది. కొంత డిపాజిట్టు, రోజుకింత అద్దె. అట్టలు ఊడి, మళ్లీ కుట్టించి, నూనె చేతుల మరకలు పడ్డ పుస్తకాలు. వాటిల్లో కథ కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి మార్జిన్లలోని పెన్సిలు రాతలు. “ఏడిపించింది”, “హీరోయిన్‌కి బుద్ధి లేదు”, “వీడికంటే ఆ డాక్టరే నయం”, “చివరి పేజీ ముందు చూడొద్దు”... ఒకరు రాసినదానికి కింద ఇంకొకరి జవాబు కూడా ఉండేది. “బుద్ధి లేనిది ఆమెకి కాదు, వాళ్లమ్మకి” అని!

ఎవరు రాశారో తెలీదు. ఏ వీధిలో ఉంటారో తెలీదు. కానీ ఆ షాపులో పుస్తకం తీసుకెళ్లిన ఆడవాళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే ఉన్నారు. పత్రికల్లో విమర్శ రాసేవాళ్లు ఈ నవలల వైపు చూడకపోయినా, చదివినవాళ్లు మాత్రం తీర్పు చెప్పకుండా వదల్లేదన్నమాట.

అంతకుముందు తరానిది ఇంకో పద్ధతి. అప్పుడు సీరియల్ రోజులు. వారపత్రిక వచ్చిన రోజు ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ చేరేవారని మా అమ్మ చెబుతుంది. వారం వారం ఆగాల్సి రావడంతో ఆ ఏడు రోజులూ మాటలే మాటలు. నీళ్ల పంపు దగ్గరా, వడియాలు పెట్టే డాబా మీదా అదే చర్చ. తర్వాత ఏమవుతుంది? ఆ అమ్మాయి ఉత్తరం చదువుతుందా, చించేస్తుందా?

రాజశేఖరం నుంచి కృష్ణ దాకా

తెలుగులో ప్రేమ నవల అనగానే ముందు గుర్తొచ్చేది యద్దనపూడి సులోచనారాణిగారే. ‘సెక్రటరీ’ 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకంగా ఎన్నిసార్లు అచ్చయిందో. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. ‘మీనా’ను 1973లో విజయనిర్మలగారు సినిమాగా తీశారు. సులోచనారాణిగారు 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూస్తే, మా వీధిలో ముగ్గురు నలుగురు పెద్దావిడలు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు.

ఆమె ఒక్కరే అనుకోకండి. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. మాదిరెడ్డి సులోచనగారు ఉన్నారు. ప్రేమనీ పెళ్లినీ నిలదీసి అడిగిన రంగనాయకమ్మగారు ఉన్నారు. ఆమె ‘బలిపీఠం’ 1975లో సినిమాగా వచ్చింది. గమనించాల్సిన విషయమేమిటంటే, మా అమ్మ బీరువాలో ‘సెక్రటరీ’, ‘బలిపీఠం’ పక్కపక్కనే ఉండేవి. ఒకటి చదివితే రెండోది చదవకూడదన్న రూలు ఆమెకెవరూ చెప్పలేదు. కలా కావాలి, ప్రశ్నా కావాలి!

‘సెక్రటరీ’లో రాజశేఖరం డబ్బున్నవాడు, అందగాడు, యజమాని. జయంతి ఉద్యోగం చేసుకునే మధ్యతరగతి అమ్మాయి. కానీ ఆమె అతని కారు చూసి కరిగిపోదు. అనుమానిస్తుంది, ఎదురు చెబుతుంది, ఆత్మాభిమానం వదులుకోదు. ఆ రోజుల్లో బయటికెళ్లి ఉద్యోగం చేసే ఆడపిల్ల గురించి ఊళ్లో ఎన్ని మాటలనేవారో మన అమ్మల్ని అడగండి. అలాంటి అమ్మాయి కథానాయిక అయింది. ఇక ‘మీనా’లో డాబూ దర్పం గల తల్లి నీడలో పెరిగిన అమ్మాయి, పల్లెటూళ్లో వ్యవసాయం చేసుకునే బావ కృష్ణని ఇష్టపడుతుంది. 2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు “ఇది మన మీనా కథలాగే ఉందే!” అని ముందు పసిగట్టినవాళ్లు ఈ నవల చదివిన ఆడవాళ్లే. నలభై ఏళ్ల కిందట చదివిన కథ అంత బాగా గుర్తుందంటే, అది ఉత్త కాలక్షేపం అనగలమా?

అమెరికాలోనూ ఇదే కథ

ఇదంతా మన ఊళ్ల ముచ్చటే అనుకునేరు! ఇంగ్లీషు ప్రేమ నవలలకి మారుపేరైన మిల్స్ అండ్ బూన్ 1908లో లండన్‌లో పుట్టింది. 1930లలో ఆ పుస్తకాల్ని ఎక్కువగా కొన్నది అక్కడి అద్దె లైబ్రరీలే. అంటే మన బస్టాండు షాపుకి అక్కడా అక్కచెల్లెళ్లున్నారు.

అమెరికాలో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు 1984లో ఒక పుస్తకం రాశారు. ఒక మోస్తరు ఊళ్లో ప్రేమ నవలలు విపరీతంగా చదివే ఓ నలభై మంది స్త్రీలని కదిపి, ఎందుకు చదువుతున్నారని అడిగారామె. ఊరి పేరు మార్చి రాశారు. ఆ స్త్రీలందరికీ సలహా చెప్పేది ఒక పుస్తకాల షాపులో పనిచేసే ఆవిడ. కొత్తగా వచ్చిన నవలల్లో ఏది కొనదగ్గదో, ఏది కాదో తన అభిప్రాయం రాసి చిన్న పత్రికలా పంచేది. ఆమె మాట మీదే చాలామంది కొనేవారు.

ఎందుకు చదువుతారంటే వాళ్లు చెప్పిన జవాబు మన ఇంట్లో వినిపించినట్టే ఉంటుంది - ఆ కాసేపూ నాది. భర్తా పిల్లలూ పిలవని సమయం. అందరినీ కనిపెట్టుకుని ఉండే మనిషికి, కథలోనైనా తనని కనిపెట్టుకునే వాడు దొరుకుతాడు. కొందరైతే ముగింపు విషాదమేమోనని ముందే చివరి పేజీలు తిరగేసేవారట! నాయికని హింసించే హీరో వాళ్లకి నచ్చలేదు. పైకి గంభీరంగా ఉన్నా లోపల మెత్తని మనసున్నవాడు కావాలి వాళ్లకి.

రాడ్‌వేగారు ఇంకో మాట కూడా అన్నారు. చదవడం వాళ్లకి ఊరటే. అయితే ఆ ఊరటతో సరిపెట్టుకుని, ఇంట్లో ఉన్న పరిస్థితిని ఉన్నట్టే భరిస్తూ పోయే ప్రమాదమూ ఉంది. ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజమే కదా! తలనొప్పికి మాత్ర వేసుకున్నట్టు నవల చదివి, పొద్దున్నే మళ్లీ అదే తలనొప్పిలోకి లేవడం. దీనికి విరుగుడు నవల మానేయడం మాత్రం కాదు. నలుగురిలో కూర్చుని మాట్లాడటం.

మా రెండో శనివారం

తెనాలిలో మా కాలనీ ఆడవాళ్లం తొమ్మిదిమంది, మూడేళ్లుగా ప్రతి రెండో శనివారం మధ్యాహ్నం కలుస్తున్నాం. రిటైరైన టీచరుగారు, బ్లౌజులు కుట్టే అక్క, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, ఎదురింటి పిన్నిగారు, ఆవిడ కోడలు... ఇలా. నెలకొక నవల. పుస్తకం శాఖా గ్రంథాలయంలో దొరికితే సరే, లేకపోతే అందరం డబ్బులేసుకుని ఒకటి కొని చేతులు మార్చుకుంటాం. టీ, పకోడీ ఎవరింట్లో కూర్చుంటే వాళ్లవి.

మొదట్లో మాటలు “బాగుంది”, “బాలేదు” దగ్గరే ఆగిపోయేవి. అప్పుడు టీచరుగారు చాక్‌పీసు లేని లోటు తీర్చుకోవడానికి హీరోకి పదికి మార్కులు వేయమన్నారు. ఎందుకు వేశామో కారణం చెప్పాలి! అంతే, ఇల్లు పీకి పందిరేశాం. ఒకే హీరోకి పిన్నిగారు తొమ్మిదేస్తే, కోడలు మూడేసింది. “వాడు అన్నిసార్లు అరిచాడు కదత్తయ్యా” అని కోడలు. “అరిచినా మనసు వెన్న” అని అత్తగారు. “వెన్నని మనమే కరిగించుకోవాలేంటి?” అని బ్లౌజులు కుట్టే అక్క. ముప్పై ఏళ్ల కాపురం చేసిన పిన్నిగారు అప్పుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, “మా రోజుల్లో చెయ్యి చేసుకోకపోతే చాలు, మంచివాడనేవాళ్లం” అన్నారు. నవల పక్కకి పోయింది. ఆ రోజు మేము మాట్లాడుకున్నవి ఏ బంధువుల పెళ్లిలోనూ మాట్లాడుకోలేం.

చూశారా, మన కాపురం గురించి మనం నోరు విప్పితే ఇంటి గుట్టు బయటపెట్టినట్టు. హీరో గురించి విప్పితే ఎవరికీ అభ్యంతరం లేదు!

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న

కిందటేడు జరిగిన సంగతి ఇది. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మాలో ఒకరి కూతురికి సంబంధం కుదిరింది. తను కూడా ఆ శనివారం వచ్చి ఓ మూల కూర్చుంది. ఆ నెల చదివిన నవలలో హీరోకి హీరోయిన్ ఎవరితో నవ్వుతూ మాట్లాడినా ఒళ్లు మండిపోతుంది. ఆమెకి తెలీకుండా వెనకాలే వస్తాడు. మాలో సగం మంది “ఎంత ప్రేమో!” అనేశారు.

అప్పుడా పిల్ల అడిగింది - “ఇది నిజంగా జరిగితే కూడా ప్రేమే అంటారా ఆంటీ?”

తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. నిశ్చితార్థమైన దగ్గర్నుంచీ అబ్బాయి రోజుకి పదిసార్లు ఫోను చేస్తున్నాడు. ఎక్కడున్నావో ఫొటో తీసి పంపమంటాడు. ఫోను తాళం నంబరు తనకి చెప్పమంటాడు. క్లాస్‌మేట్లతో మాట్లాడొద్దంటాడు. ఇంట్లో చెబితే “నువ్వంటే ప్రాణం, అందుకే” అన్నారట. తల్లి మా మధ్యే కూర్చుని ఉంది. ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఎవరం ఉపన్యాసాలివ్వలేదు. టీచరుగారు మాత్రం, “అమ్మా, నవల్లో హీరోకి ఎన్ని మార్కులు వేశావు?” అని అడిగారు. “రెండు” అంది. “మరి ఇతనికి?” ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు. తల్లి లేచి వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది.

తర్వాత రెండు కుటుంబాలూ కూర్చుని మాట్లాడుకున్నాయి. ఫోను తన సొంతం అనీ, స్నేహాలు మాననీ, ఉద్యోగం వదలననీ ఆ అమ్మాయి అబ్బాయి ముందే చెప్పింది. మాఘంలో పెట్టుకున్న ముహూర్తం వాయిదా పడింది. అతను మారతాడా, పెళ్లి జరుగుతుందా అన్నది ఇంకా తేలలేదు. కానీ ఆ ప్రశ్న పెళ్లికి ముందే అడగగలిగింది. అదే నాకు గొప్పగా అనిపించింది. ఒక్కతే గదిలో కూర్చుని ఆ నవల చదివి ఉంటే, “హీరోలంతా ఇంతే కాబోలు” అని సరిపెట్టుకునేదేమో!

నవల మూశాక ఏం అడగాలి?

మా అనుభవంలో పనికొచ్చిన ప్రశ్నలు కొన్ని చెబుతాను. మీకూ ఉపయోగపడొచ్చు.

ఒకటి - తప్పు చేశాక హీరో క్షమాపణ అడిగాడా? 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో డార్సీ మొదటిసారి పెళ్లి మాట ఎత్తినప్పుడు ఎలిజబెత్ కుటుంబాన్ని కించపరుస్తాడు. ఆమె ముఖం మీదే కాదంటుంది. అతను తన పద్ధతి మార్చుకున్నాకే కథ ముందుకెళుతుంది. రెండువందల ఏళ్ల కిందటి హీరోకే అంత మర్యాద ఉంటే, ఇప్పటివాడికి ఏం తక్కువ?

రెండు - హీరోయిన్‌కి ప్రేమ కాక ఇంకేముంది? ఒక స్నేహితురాలు, ఒక పని, చేతిలో నాలుగు రూపాయలు ఉన్నాయా?

మూడు - రెండొందల పేజీల అపార్థం ఒక్క మాట అడిగితే తీరిపోయేదేనా? మరి ఎందుకు అడగలేదు? భయమా, అహమా?

నాలుగు - ఆఖరి పేజీ తర్వాత పదేళ్లకి వాళ్లిద్దరూ ఎలా ఉంటారు? పిల్లాడికి జ్వరం వస్తే రాత్రి ఎవరు లేస్తారు?

మర్యాదలు కూడా కొన్ని ఉన్నాయండోయ్. చదవని వాళ్ల ముందు ముగింపు చెప్పకూడదు. ఒకరికి నచ్చిన పుస్తకాన్ని “చెత్త” అనకూడదు, ఎందుకు నచ్చలేదో చెప్పాలి. అక్కడ విన్న ఇంటి మాటలు గడప దాటకూడదు.

పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఇద్దరున్నా చాలు. ఈసారి నవల పూర్తయ్యాక లైటు తీసేసి పడుకునే ముందు హీరోకి ఎన్ని మార్కులో వేసుకోండి. మర్నాడు పక్కింటావిడకి ఆ పుస్తకం ఇచ్చి, ఆవిడ ఎన్ని వేస్తుందో అడగండి. తప్పకుండా మీతో ఒప్పుకోదు. అసలు కబుర్లు అక్కడే మొదలవుతాయి. ఏమంటారు?