కొత్త విండోసుకు మారవలెనా?



ఒక శుభలేఖ పనిమీద ఇటీవల మేము అమలాపురములోని ఒక డి.టి.పి. దుకాణమునకు వెళ్ళినాము. ప్రూఫు చూచుచుండగా దుకాణదారు, "ఏవండీ, రేడియోలో అన్నీ చెబుతారు గదా! ఈ కంప్యూటర్లో కొత్త విండోస్ ఎక్కించమంటారా, వద్దంటారా?" అని అడిగినారు. ఒక్క మాటలో సమాధానము చెప్పలేకపోతిమి. అదే సందేహము మీలో పలువురి ఇండ్లలోనూ ఉండవచ్చును. కావున నేటి ప్రసంగమునకు దానినే విషయముగా తీసికొన్నాము.

మనము కీబోర్డుపై నొక్కిన అక్షరమును తెరమీదికి తెచ్చునది, ఫైలును ఏ అరలో దాచవలెనో చూచునది, ప్రింటరుకు పని చెప్పునది ఆపరేటింగ్ సిస్టము. ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాము గాని, లెక్కల ప్రోగ్రాము గాని దానిని ఆధారము చేసికొనియే పనిచేయును. కావున దానిని మార్చుట గోడకు సున్నము వేసినంత తేలిక గాదు. ఇంట్లో మనుష్యులుండగనే పునాది మార్చుట వంటిది.

మరి ఇప్పుడు ఈ ప్రశ్న ఏల వచ్చినది? మైక్రోసాఫ్టు వారు 2015 జూలైలో విడుదల చేసిన విండోస్ 10కు భద్రతా మరమ్మతులను 2025 అక్టోబరు 14తో నిలిపివేసినారు. దాని తరువాతిదగు విండోస్ 11, 2021 అక్టోబరు 5న వెలువడినది. కొంత వ్యవధి కోరువారికి విండోస్ 10 మరమ్మతులను 2026 అక్టోబరు 13 వరకు పొడిగించు ఏర్పాటును ప్రకటించినారు. అందులో చేరుటకు ప్రత్యేకముగా నమోదు చేసికొనవలెను.

మరమ్మతులు నిలిచిపోవుట యన నేమో కోనసీమ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టు వరదలో గోదావరి గట్లు తెగిన సంగతి పెద్దలకు జ్ఞాపకమే. గట్టులో ఎలుక బొరియ కనిపించినప్పుడెల్ల పూడ్చుచుండవలెను. లక్షల పంక్తులుగల ప్రోగ్రాములోనూ అటువంటి బొరియలు బయటపడుచునే యుండును. వానిని పూడ్చు మట్టియే అప్‌డేటు. గడువు తీరిన మరునాడు కంప్యూటరు ఆగిపోదు, నిన్నటివలెనే నడచును. వేసవిలో చూచినప్పుడు బాగుచేసిన గట్టును, చేయని గట్టును ఒక్కతీరుగనే కనిపించును గదా!

ఇది వట్టి భయము గాదు. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళము వేసి, తాళము తీయుటకు సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత పడినవి. అది చొరబడిన బొరియకు మైక్రోసాఫ్టు వారు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మరమ్మతు విడుదల చేసియున్నారు. దానిని సకాలమున వేసికొనని యంత్రములు దెబ్బతిన్నవి. విండోస్ ఎక్స్.పి. వంటి గడువు తీరిన వానికి ఆ మార్చిలో సాధారణ మరమ్మతు రానేలేదు.

ఇంతవరకు విన్నవారు వెంటనే మారుటయే మంచిదని అనుకొందురు. అయితే ఆ దుకాణదారు సంకోచమునకును బలమైన కారణము కలదు. తెలుగునాట శుభలేఖలు, కరపత్రములు, చిన్న పుస్తకములు ఏండ్ల తరబడి పేజ్‌మేకరులో, అను వంటి ఫాంట్లతో తయారగుచు వచ్చినవి. పేజ్‌మేకరు చివరి రూపము 2001లో వచ్చినది. తరువాత దాని అభివృద్ధి ఆగిపోయినది. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరముల ముక్కలు ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలో కూర్చుండును. ఆ ఫాంటు లేని యంత్రములో ఫైలు తెరచినచో తెలుగు మాయమై, అర్థములేని ఆంగ్లాక్షరముల వరుస కనిపించును.

మాకును ఇది అనుభవమే. పాత కంప్యూటరు చెడిపోయినప్పుడు, ఏండ్ల క్రిందట టైపు చేయించిన ప్రసంగములను కొత్త యంత్రములోనికి ఎక్కించుకొని సంతోషించినాము. తీరా తెరచి చూడగా ఒక్క తెలుగు ముక్కయు కనబడలేదు. ఫాంటును దాచుకొనవలెనని తోచకపోవుట మా తప్పే. కాగితముపై నున్న ప్రతులను చూచి కొన్నింటిని మరల టైపు చేయించినాము. కాగితము లేనివి మాత్రము నేటికిని చదువరానివిగనే యున్నవి.

ఈ చిక్కునకు విరుగుడు యూనికోడు. 1991లో వెలువడిన తొలి యూనికోడులోనే తెలుగు లిపికి సొంత స్థానములు దొరికినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో మన నదీపాయ పేరే గల గౌతమి ఫాంటు తెలుగుకు లభించినది. యూనికోడులో వ్రాసిన తెలుగు ఒక ఫాంటు లేకున్నను మరియొక తెలుగు ఫాంటుతో కనిపించును.

ఇక యంత్రబలము చూడవలెను. విండోస్ 11కు కనీసము 4 జి.బి. ర్యాము, 64 జి.బి. నిల్వస్థలము, టి.పి.ఎం. 2.0 అను భద్రతా ఏర్పాటు కావలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా ఎనిమిదవ తరము, అనగా 2017లో వచ్చినది మొదలుకొని, పై తరములవి పనికివచ్చును. తగిన యంత్రములో విండోస్ 10 నుండి మారుటకు వేరుగా రుసుము లేదు. తగని యంత్రములో దొడ్డిదారిన ఎక్కించువారు ఉన్నారు గాని, అట్టి దానికి మరమ్మతులు తప్పక వచ్చునన్న హామీ లేదు. మరియు విండోస్ 11లో 32 బిట్ల రకము లేదు. పాత ప్రోగ్రాములు పెక్కు నడచినను, పాత ప్రింటరుకు కొత్త డ్రైవరు దొరకకపోవచ్చును.

కావున ముందుగా మీ కంప్యూటరు ఏ పని చేయుచున్నదో చూడుడు. బ్యాంకు లావాదేవీలు, పిల్లల దరఖాస్తులు, ఇంటర్నెట్టుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుగు ఇంటిలో, యంత్రము తగినదైనచో మారుటకు జాగు చేయరాదు. అంబాజీపేటలో కొబ్బరి వర్తకుడు లెక్కలు వ్రాసికొను యంత్రము ఇంటర్నెట్టు ఎరుగనిదైనచో తొందర తక్కువ. అయినను పెన్‌డ్రైవు ద్వారా తెగులు రావచ్చునని మరువరాదు. విండోస్ 11కు తగని పాత యంత్రములో ఉచితముగా లభించు లైనక్సు వేసికొని, చదువుకును ఇంటర్నెట్టుకును వాడుకొనవచ్చును. దానిలో తెలుగు చక్కగా కనిపించును.

ఏ దారి పట్టినను ఫైళ్ళన్నిటికిని వేరొక డిస్కులో నకలు తీసి, ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి ఉంచుడు. ఫాంట్లను, ప్రోగ్రాముల అసలు సీడీలను కూడ దాచుడు. ముహూర్తముల రద్దీలో ఈ పని పెట్టుకొనకుడు. మూఢములో పెట్టుకొనుడు.

ఆ దుకాణదారుకు మేము చెప్పినదిది: పాత యంత్రమును ఇంటర్నెట్టు నుండి తప్పించి పాత ఫైళ్ళకే ఉంచుడు. బయటి ప్రపంచముతో పనికి కొత్త విండోసు గల యంత్రమును వాడుడు. తీరికనుబట్టి పాత ఫైళ్ళను యూనికోడులోనికి మార్చుచు రండు. ఆయన నవ్వి, "ఆయ్, పాతదీ ఉండాలి, కొత్తదీ రావాలంటారు!" అన్నారు.

అంతే గదా. రాజోలు, కొత్తపేట, అమలాపురము దుకాణములలోని పాత పెట్టెలలో ఊరి కవుల శతకములు, గుడి చరిత్రలు, పెద్దల జ్ఞాపకములు నిలిచియుండును. కొన్నింటికి అచ్చుప్రతియు మిగిలియుండదు. విండోసును మరల ఎక్కించుకొనవచ్చును. చెరిగిన వ్రాతను ఏ అంగడిలోనూ కొనలేము. నకలు తీయుటకు ఈ ఆదివారము ఒక పూట కేటాయింపుడు. తక్కిన నిర్ణయము అటుపిమ్మట నిదానముగా చేయవచ్చును.