పదవికి ముందటి పని

ఎలమంచిలిలో ఎవరికైనను రోగము ముదిరినదన్న మాట వినబడినంతనే, ఇంటివారు సంచిలో రెండు జతల బట్టలును పాత మందుచీటీలును సర్దుకొని విశాఖ పోవు రైలువేళ విచారించుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. వారి నోట 'పెద్దాసుపత్రి' యనగా 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రియే. దానితోపాటు అదే యేట ఆరంభమైనది నేటి ఆంధ్ర వైద్యకళాశాల. అచ్చటి పెద్దల పేర్లచెంతనున్న పట్టముల అక్షరములను చూచి మనము చేతులు జోడింతుము గాని, ఆ కుర్చీ ఎక్కుటకు పూర్వము వారే పనిలో కాలము గడపిరో అడుగము. అడుగవలసినది అదియే యని నా నమ్మకము.

శ్రీకాకుళమున 1921లో జన్మించి ఈ కళాశాలలోనే వైద్యము చదివిన వులిమిరి రామలింగస్వామిగారు కత్తి పట్టిన శస్త్రవైద్యులు కారు. రోగముచే చెడిన కణజాలమును సూక్ష్మదర్శినిక్రింద పరిశీలించు పాథాలజిస్టు. అట్టివారి చూపు హిమాలయ పాదమునగల కాంగ్రా లోయలో, పిందెకాయవలె మెడక్రింద ఉబ్బిన గాయిటరు వాపుపై నిలిచెను. 1956లో ఆయనయు తోడివారును ఆ ప్రాంతమును మూడు భాగములుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును అందునట్లు చేసిరి. ఏండ్లు గడచుకొలది మొదటి రెండింట వాపులు తగ్గుముఖము పట్టెను. మూడవదానిలో అట్టి మార్పు కానరాలేదు. గృహిణి కూరలో వేయు చిటికెడు ఉప్పు ఒక లోయ రోగమును మరలించినదన్నమాట! 1962లో ప్రభుత్వము జాతీయ గాయిటరు నివారణ కార్యక్రమమును చేపట్టెను. ఈ పని చేసినవారే 1969 నుండి పదేండ్లు ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థను నడపి, పిదప భారత వైద్య పరిశోధన మండలికి అధిపతులైరి. రోగి ఆసుపత్రికి వచ్చుటకు పూర్వమే రోగము పుట్టుచోటును వెదకినవారి చేతికి వైద్యవిద్య పగ్గములు అందుట దేశము చేసికొన్న అదృష్టము.

అదే కళాశాల విద్యార్థియైన కాకర్ల సుబ్బారావుగారు ఎక్సురే ఫిలిములను వెలుగునకు పట్టి ఎముకల గుట్టు చదువు రేడియాలజిస్టుగా అమెరికాలో పేరొంది, హైదరాబాదు నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థకు డైరెక్టరై వచ్చిరి.

శస్త్రవైద్యుల మాట కొచ్చినచో, మదురై వెంకటస్వామిగారిని విడువరాదు. ప్రసూతివైద్యుడు కాగోరిన ఆయన వ్రేళ్లను కీళ్లవాతము వంకరలు పుచ్చగా, ఆ వ్రేళ్లకే కత్తి పట్టుట మరల నేర్పి నేత్రవైద్యమున ప్రవేశించి, ఉద్యోగవిరమణానంతరము 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించిరి. నొప్పి యెట్టిదో తన చేతులయందే ఎరిగిన వైద్యుడాయన.

వైద్యకళాశాలలో చేరబోవు ఎలమంచిలి బిడ్డలకు ఒక విన్నపము: మీకు పాఠము చెప్పు పెద్దల బిరుదులకంటె ముందు, వారు ఏ ఊళ్లలో, ఏ రోగుల నడుమ పనిచేసిరో అడిగి తెలిసికొనుడు.