అద్దె కంప్యూటర్లు - సొంత వ్యాపారాలు

'మేఘం' అన్న పేరు విని ఇదేదో ఆకాశంలోని వింత అనుకోనక్కరలేదు. క్లౌడ్ కంప్యూటింగ్ అంటే, ఎక్కడో ఒక పెద్ద భవనంలో కరెంటూ చల్లదనమూ అమర్చి నడిపే వేలాది కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే. పదిరోజుల కోతల కోసం చిన్నరైతు కోతమిషను కొనడు. గంటల లెక్కన పిలిపించుకుంటాడు. ఇదీ అంతే.

అమెజాన్ సంస్థ 2006లో ఈ అద్దె వ్యాపారం మొదలుపెట్టింది. 2008లో గూగుల్ యాప్ ఇంజన్ వచ్చింది. ఇందులో మనం ప్రోగ్రాము రాసి యిస్తే చాలు. యంత్రాల ఆలనాపాలనా వారిదే. వాడేవాళ్లు పెరిగితే యంత్రాలు వాటంతటవే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి.

నెట్‌ఫ్లిక్స్ సంగతి చూడండి. 2008 ఆగస్టులో వారి డేటాబేసు చెడి, మూడురోజులు డీవీడీలు పంపలేకపోయారు. దాంతో అమెజాన్ క్లౌడ్‌కు మారటం మొదలుపెట్టి, 2016 జనవరికి పూర్తిచేశారు.

ఐతే అద్దె కొంపకు అద్దె కష్టాలు తప్పవు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఉద్యోగి ఒకరు ఒక ఆజ్ఞను తప్పుగా టైపు చేయగా, నిల్వసేవ కొన్ని గంటలు ఆగిపోయి ఎన్నో వెబ్‌సైట్లు మూగబోయాయి. ఆపకుండా వదిలేసిన యంత్రానికి బిల్లు పడుతూనే ఉంటుంది. ఒక కంపెనీ పద్ధతికే కట్టుబడి రాసిన ప్రోగ్రామును మరోచోటికి మార్చటమూ తేలిక కాదు.

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదు ప్రాంతంలోనూ ఇటువంటి కేంద్రాలు తెరిచింది. పెద్ద పెట్టుబడి లేని విద్యార్థి సైతం ఇవాళ వ్యాపారం ప్రారంభించవచ్చు. కాని తన లెక్కల నకలు వేరొకచోట భద్రపరచుకోవడం మరువరాదు. వచ్చే ఏటి విత్తనమంతా ఒకే గాదెలో పోసి నిశ్చింతగా నిద్రపోయే రైతు ఉండడు గదా!