విలువిద్య ప్రపంచ కప్పు: దాని పుట్టుక, పందెపు పద్ధతి



విలువిద్య యనగానే మన పెద్దలకు ద్రోణుని శిష్యులును, చెట్టుకొమ్మమీది పక్షియు, ద్రౌపదీ స్వయంవరమునందలి మత్స్యయంత్రమును స్ఫురించుట సహజము. ఆ కథలు మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ విద్యయే నేటి లోకమున పందెముగా ఎట్లు సాగుచున్నది, గెలుపోటములను ఎట్లు లెక్కింతురు, అందు మన విజయవాడ పిల్లలు ఎంతవఱకు పోగలిగిరి యనునది నేడు నేను చెప్పదలచిన విషయము. పత్రికలవారు "149-145" అని అంకెలు వేసి విడుచుచున్నారు. ఆ యంకెల లోగుట్టు తెలియనిచో వార్త చదివియు చదువనట్లే యగును.

ఈ విద్యకు అంతర్జాతీయ సమాఖ్య 1931వ సంవత్సరమున లవూవ్ నగరమందు ఏర్పడెను. ఆ నగరము నాడు పోలండు దేశములోనిది, ఇప్పుడు ఉక్రెయిన్‌లోనిది. సమాఖ్యకు మొదట ఫీటా యని పేరు. 2011 నుండి వరల్డ్ ఆర్చరీ యనుచున్నారు. ఒలింపిక్ క్రీడలలో విలువిద్య 1900లో ప్రవేశించి, 1920 తరువాత తొలగిపోయి, ఏబదిరెండేండ్లకు, అనగా 1972లో, మరల చేరినది. మన భారత విలువిద్యా సంఘము ఆ మఱుసటి యేడు, 1973లో, పుట్టినది.

ఒలింపిక్స్ నాలుగేండ్లకొకమాఱు, ప్రపంచ విజేతల పోటీ రెండేండ్లకొకమాఱు జరుగును. నడుమ కాలమున విలుకాండ్రను పలుకరించువారే లేకపోయిరి. ఈ కొఱత తీర్చుటకై 2006లో ప్రపంచ కప్పును ఆరంభించిరి. ఇది యొక్క యూరిలో ఒక్కమాఱు ముగియు పందెము గాదు. మన ప్రాంతమున ఎడ్లజతలను తోలుకొని తిరునాళ్ళవెంట ఊరూర తిరుగు రైతులవలె, విలుకాండ్రు ఆ యేడాదిలో ఒక్కొక్క దేశమున జరుగు ఘట్టములకు పోయి పోటీపడుదురు. ప్రతిఘట్టమునకు స్థానమునుబట్టి మార్కులు వచ్చును. ఘట్టములలో గెలిచినవారును, మార్కుల పట్టికలో ముందు నిలిచినవారును కలిసి, ఒక్కొక్క తరగతికి ఎనమండ్రు, సంవత్సరాంతమున అంతిమ పందెమునకు అర్హులగుదురు. మొదటియేడే క్రొయేషియా దేశములోని పొరెచ్ పట్టణపు ఘట్టమున మన దేశీయుడు జయంత తాలుక్‌దార్ స్వర్ణము గెలిచెను. 2007లో దుబాయి నగరమున అంతిమ పందెమునే డోలా బెనర్జీ గెలిచినది. దీపికాకుమారి అంతిమమున అయిదుమాఱులు రజతము పొందినది. స్వర్ణము మాత్రము ఆమెకు అందక తప్పిపోవుచు వచ్చినది.

ఇక తరగతుల మాట. బండలాగుడు పందెములలో పాలపండ్ల దూడలకును, నాలుగు పండ్ల ఎడ్లకును, పండ్లన్నియు వచ్చినవాటికిని వేఱువేఱుగా పోటీ పెట్టుదుము గదా! అట్లే ఇక్కడ విండ్లనుబట్టి రెండు తరగతులు. మొదటిది రికర్వ్ విల్లు. కొనలు ముందునకు వంగియుండును. అల్లెత్రాటిని వ్రేళ్ళతోనే లాగి, ఆ బరువంతయు భుజముతో ఆపుకొని గుఱి చూడవలెను. ఒలింపిక్స్‌లో ఇంతవఱకు ఈ కాలమున నడచినది ఇదియే. రెండవది కాంపౌండ్ విల్లు. ఇది 1960వ దశాబ్దమున అమెరికాలో ఆలెన్ అనునతడు కనిపెట్టినది. దీని కొనలకు బావిగిలకలవంటి చిన్న చక్రములుండును. త్రాడు కడవఱకు లాగునప్పటికి ఆ చక్రములు తిరిగి బరువులో చాలవంతు సడలిపోవును గనుక, విలుకాడు నెమ్మదిగా గుఱి చూడగలడు. పోటీలో దీని బలము 60 పౌనులకు మించరాదు. పెద్దది చేసి చూపు అద్దమును, మట్టము చూపు బుడగయు దీనికి కలవు; త్రాటిని విడుచుటకు వ్రేళ్ళకు బదులు చిన్న సాధన మొకటి వాడుదురు. ఇంత పరికరమున్నదిగదా, ఇది సులభమని తలపవలదు. సాధనము మంచిదైనకొలది తప్పునకు క్షమ తక్కువ.

ప్రసంగవశమున ఒక మాట. ఏకలవ్యుని బొటనవ్రేలి కథ చదివిన బాలురు, బొటనవ్రేలు లేనిదే విల్లు లాగలేమా యని నన్ను పలుమాఱు అడిగెడివారు. తూర్పుదేశములందు కొన్నిచోట్ల అల్లెత్రాటిని బొటనవ్రేలితో లాగు పద్ధతి కలదు. నేటి రికర్వ్ విలుకాండ్రు మాత్రము చూపుడువ్రేలు బాణమునకు పైనను, నడిమివ్రేలు ఉంగరపువ్రేలు క్రిందను ఉంచి, తోలుముక్క అడ్డముగా పెట్టుకొని లాగుదురు.

పోటీ మొదట వరుస నిర్ణయించుటతో ఆరంభమగును. ప్రతివాడును 72 బాణములు వేయవలెను. బాణమొకటికి హెచ్చుగా పది మార్కులు, వెరసి 720. రికర్వ్ వారికి గుఱి 70 మీటర్ల దూరమున, 122 సెంటీమీటర్ల వెడల్పున ఉండును. నడుమ పసుపు, దానిచుట్టు ఎఱుపు, నీలము, నలుపు, తెలుపు. పసుపులోని లోపలి వలయమునకే పది. కాంపౌండ్ వారికి 50 మీటర్లు. వారి పది మార్కుల వలయము ఎనిమిది సెంటీమీటర్లు, అనగా చిన్న చెంబు మూతియంత. బాణము రెండు వలయముల నడిమి గీతను తాకిన యెడల హెచ్చు మార్కే యిత్తురు. తాకినదో లేదో సందేహము వచ్చినప్పుడు న్యాయనిర్ణేత భూతద్దముతో చూచి చెప్పును. ఆ మాటకు తిరుగులేదు. తిరునాళ్ళలో అడుగులు, అంగుళములు కొలుచుచోట మనవారు పడు తగవులు ఎఱిగినవాడను గనుక ఈ నిబంధన నాకు మిక్కిలి నచ్చినది.

ఈ వరుసలో మొదటివానికి చివరివాని ఎదురు నిలిపి, జంటలు కట్టుదురు. ఓడినవాడు తొలగిపోవును. కడపటి ఘట్టములలో ఇరువురును ఒకరి తరువాత ఒకరు, బాణమునకు 20 సెకండ్ల గడువులో వేయవలెను. లెక్కించుటలో మాత్రము రెండు విండ్లకును రెండు పద్ధతులు. కాంపౌండ్ పందెమున మూడేసి బాణములు అయిదుమాఱులు, మొత్తము 15 బాణములు, 150 మార్కులు. అన్నియు కూడిన మొత్తము ఎవరికి హెచ్చో వారిదే గెలుపు. రికర్వ్‌కు 2010 నుండి సెట్టుల పద్ధతి పెట్టిరి. మూడు బాణములు ఒక సెట్టు. సెట్టు గెలిచినవానికి రెండు, సమమైనచో చెరియొకటి. ముందుగా ఆఱు చేరినవాడు గెలిచినట్లు. అందుచేత ఒక సెట్టులో ఒకడు 30 వేసి, ఎదుటివాడు 20 వేసినను నష్టము రెండే. మఱుసటి సెట్టునకు ఇరువురు క్రొత్తగా నిలుతురు. చూచువారికి ఉత్సాహము పెంచుటకు చేసిన ఏర్పాటిది. నా మట్టుకు నాకు కూడిక పద్ధతియే న్యాయముగా తోచును. వేసిన ప్రతిబాణమును కడవఱకు లెక్కకు రావలెను.

ఇంగ్లండువారు చేతితో విసరు డార్ట్స్ ఆటలో లెక్క తలక్రిందులు. 2.37 మీటర్ల దూరమున నిలిచి, 501 నుండి తగ్గించుకొనుచు వచ్చి, సరిగా సున్నకు చేర్చవలెను. కడపటి విసరు రెట్టింపు గడిలో పడితీరవలెను. గుఱికి కూడిక, తీసివేత తోడైన ఆట యది.

సమమైనచో? ఒక్కొక్క బాణము. మార్కులును సమమైనచో నడిబిందువునకు ఎవరి బాణము దగ్గఱో వారిదే విజయము. ఈ నియమపు తీపియు చేదును మన తెలుగువారు ఇరువురు ఒక్క యేటనే రుచి చూచిరి. 2024 ఏప్రిల్‌లో షాంఘై ప్రపంచ కప్పు ఘట్టమున వెన్నం జ్యోతిసురేఖకును, మెక్సికో దేశపు ఆండ్రియా బెసెర్రాకును 146-146 వచ్చెను. తుదిబాణమున ఇద్దఱికి తొమ్మిదే. జ్యోతి బాణము దగ్గఱగా నుండుటచే స్వర్ణము ఆమెదయ్యెను. ఆ వేసవిలోనే ప్యారిస్ ఒలింపిక్స్‌లో బొమ్మదేవర ధీరజ్‌కును కెనడావాడు ఎరిక్ పీటర్స్‌కును సెట్టులు సమమయ్యెను. తుదిబాణమున ఇద్దఱును పదినే కొట్టిరి. కెనడావాని బాణము నడుమకు దగ్గఱ, ధీరజ్ ఓడెను. పది కొట్టి ఓడుట యెంతటి కష్టము! అయినను అతడు అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో కాంస్య పందెమువఱకు పోయి నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ విలువిద్యలో అంతవఱకు మనవారెవ్వరును సెమీఫైనలు చేరియుండలేదు.

జ్యోతిసురేఖ విజయవాడలో పుట్టినది. మొదట ఈతగత్తె, నాలుగేండ్ల వయసుననే కృష్ణానదిని ఈదినది. తరువాత ఆ నగరముననే విల్లు పట్టినది. 2017లో అర్జున పురస్కారము వచ్చినది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో వ్యక్తిగతము, మహిళల జట్టు, మిశ్రమ జట్టు, మూడింటను స్వర్ణములు గెలిచినది. మిశ్రమ జట్టున ఓజస్ దేవతలేతో కలిసి కొరియావారిని 159-158 తో గెలిచిరి. 160కి ఒక్కటే తక్కువ! వ్యక్తిగత పందెమున కొరియాకు చెందిన సో చేవాన్‌పై వచ్చినదే నేను మొదట చెప్పిన 149-145. 149 అనగా పదునాలుగు బాణములు ఎనిమిది సెంటీమీటర్ల వలయమున, ఒక్కటి మాత్రము దాని ప్రక్కను. ఆ క్రీడలలో కాంపౌండ్ స్వర్ణములు అయిదును భారతదేశమునకే వచ్చెను. ఇక ప్రపంచ కప్పు అంతిమమున, 2025 అక్టోబరులో నాన్‌జింగ్ నగరమందు, ఆమె బ్రిటనుకు చెందిన ఎల్లా గిబ్సన్‌పై 150-145 తో కాంస్యము గెలిచినది. పదునైదు బాణములు, పదునైదు పదులు. కాంపౌండ్ విల్లుతో ఆ అంతిమమున పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గ్రామములలో పిల్లలెవరైన ఈ విద్య నేర్తుమన్న యెడల పెద్దలు ముందుగా ఎఱుగవలసినవి రెండు. పోటీకి తగిన విల్లు, బాణములు, పరికరములు లక్షలలో పడును గనుక మొదట అభ్యాసమునకు వెదురు విల్లో, చౌక విల్లో చాలును. రెండవది క్షేమము. గుఱివెనుక మనుష్యసంచారము లేని బయలుగాని, ఎత్తైన మట్టికట్టగాని ఉండవలెను. పోటీలలో ఈల రెండుమాఱులు మ్రోగినప్పుడే గీతకడకు రావలెను, ఒకమాఱు మ్రోగినప్పుడు వేయవలెను, మూడుమాఱులు మ్రోగినగాని బాణములు తెచ్చుకొనుటకు ఎవ్వరును కదలరాదు. ఊరి బయలులోనైనను ఈ కట్టడి తప్పరాదు.

2028లో లాస్ ఏంజెలెస్ నగరమున జరుగవలసిన ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లు మిశ్రమ జట్టు పోటీని చేర్చుటకు 2025 ఏప్రిల్‌లో నిర్ణయమైనది. జట్టునకు ఒక పురుషుడు, ఒక స్త్రీ. పదునాఱు బాణములు, 160 మార్కులు.